టీఎంసీల లెక్క నేర్చినం.. మట్టిలో తడి లెక్క నేర్వాలె

(రైతులు, విద్యార్థులు, ఉద్యోగులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



మిత్రులారా, ఉద్యమం మనకు చాలా నేర్పింది. అన్నింటికన్నా ముందు లెక్కలు నేర్పింది. బచావత్ ట్రిబ్యునల్ 1973లో ఉమ్మడి రాష్ట్రానికి కృష్ణాలో 811 టీఎంసీలు ఇచ్చిందని, అందులో మన పొలాలకు వచ్చింది ఎంతని, డిగ్రీ చదివే పిల్లలు కూడా వేళ్ల మీద చెప్పేటోళ్లు. ఇంజనీర్ల బల్లల మీద ఉండే లెక్కను చాయ్ హోటల్ బెంచీ మీదికి తెచ్చింది ఉద్యమమే. నీళ్లు, నిధులు, నియామకాలు అనుకున్నం. మూడింట్లో మొదటి మాట నీళ్లే. ఆ రోజుల్లో విద్యార్థులుగా రోడ్ల మీద ఉన్న మేము, ఈ రోజు పత్రికల్లో పనిచేస్తూ ఊర్లు తిరుగుతున్న మేము, ఆ మొదటి మాట గురించే మళ్లీ మాట్లాడదలుచుకున్నాం.

నది కాడ లెక్క నేర్చుకున్నం. రిజర్వాయర్ మట్టం ఎన్ని అడుగులుందో టీవీలో చూసి చెప్తం. కాలువలో ఎన్ని క్యూసెక్కులు పోతున్నయో చెప్తం. మన బోరు ఎన్ని ఇంచుల నీళ్లు పోస్తదో అడగక ముందే చెప్తం. కానీ ఒక్క ప్రశ్న అడుగుతున్నాం, నిజాయితీగా జవాబు చెప్పుకుందాం. ఇవాళ పొద్దున మీ చేనులో, మొక్క వేరు కాడ, జానెడు లోతున మట్టిలో ఎంత తడి ఉంది? ఆ తడి ఇంకెన్ని రోజులకు సరిపోతది? మోటరు వేసేటప్పుడు ఈ లెక్క చూసి వేసేటోళ్లు ఎంతమంది?

నది నుంచి వేరు దాకా నీళ్లు చేసే ప్రయాణంలో ఆఖరి జానెడే మనం కొలవలేదు. పంట పండేది ఆ జానెడులోనే.

మట్టి ఒక కుండ

మట్టిని ఒక కుండ అనుకోండి. తడి పెట్టినప్పుడు కుండ నిండుతది. ఎక్కువైంది ఒకటి నుంచి మూడు రోజుల్లో కిందికి జారిపోతది. జారంగ మిగిలిన తడి, మట్టి తన బలంతో పట్టి ఉంచుకున్న తడి. అది కుండకు పై గీత. మొక్క రోజూ తాగుతుంటే తడి తగ్గుతూ వస్తది. తగ్గినకొద్దీ మట్టి ఆ తడిని మరింత గట్టిగా పట్టుకుంటది. ఒక దశ వచ్చాక మట్టిలో ఇంకా తడి ఉన్నా, వేరు ఎంత గుంజినా రాదు. మొక్క వాడిపోయి మళ్లీ లేవదు. అది కుండకు కింది గీత. ఈ రెండు గీతల మధ్య ఉన్న నీళ్లే పంటవి.

కానీ అన్ని కుండలూ ఒక్క తీరుగా ఉండవు. మన చెల్క నేల చిన్న కుండ. మన రేగడి పెద్ద కుండ. మీటరు లోతు మట్టిని తీసుకుంటే ఇసుక పాలు ఎక్కువున్న చెల్కలో పంటకు అందే నీళ్లు సుమారు 80 మిల్లీమీటర్లు. మంచి రేగడిలో 200 దాకా ఉంటయి. నేలను బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అయితయి గని, తేడా మాత్రం ఈ స్థాయిలోనే ఉంటది.

ఇప్పుడొక లెక్క చేద్దాం. యాసంగి మక్క వేసినం అనుకోండి. వేరు ప్రధానంగా మూరెడు లోతున, అంటే 45 సెంటీమీటర్లలో తాగుతున్నది. చెల్క కుండలో పంటకున్న నీళ్లు 36 మిల్లీమీటర్లు, రేగడి కుండలో 90. పంటకు కష్టం కాకుండా సగం దాకా వాడుకోవచ్చు. అంటే చెల్కలో 18, రేగడిలో 45. ఎండ ముదిరిన రోజుల్లో పంట రోజుకు 5 మిల్లీమీటర్లు తాగుతదని పెట్టుకుంటే, చెల్కలో మూడున్నర రోజులకు మళ్లీ తడి కావాలి. రేగడిలో తొమ్మిది రోజులు ఆగొచ్చు. ఒక్క ఊరిలో, ఒక్క పంటకు, ఒక్క ఎండలో ఇంత తేడా! మరి మన ఊర్లలో ఏం జరుగుతున్నది? పక్కాయన తడి పెట్టిండు కాబట్టి మనమూ పెడుతున్నం. వారానికొకసారి అని అలవాటైంది కాబట్టి పెడుతున్నం. వారం ఆగితే చెల్క ఎండుతది. అదే వారానికి రేగడికి అక్కెర లేని తడి పడుతది.

నేల తాగేది ఎంత, మనం పోసేది ఎంత

ఎకరంలో ఒక మిల్లీమీటరు నీళ్లంటే సుమారు 4,000 లీటర్లు. చెల్క ఎకరానికి కావలసిన 18 మిల్లీమీటర్లు 72,000 లీటర్లు. బోరు గంటకు 8,000 లీటర్లు పోస్తే తొమ్మిది గంటల పని. అదే ఎకరం మీద మోటరు ఒక రాత్రీ పగలూ వదిలేస్తే 1,92,000 లీటర్లు పడతయి. కుండ నిండంగ మిగిలిన 1,20,000 లీటర్లు వేరు దాటి కిందికి పోయినట్టే.

'భూమిలోకి పోతే మళ్లీ బోరుకే వస్తది గదా' అంటరు కొందరు పెద్దలు. ఇందులో కొంత నిజం ఉంది, కాదనం. కానీ అది ఒక్కతే పోదు. మనం చల్లిన యూరియాలోని నత్రజనిని కరిగించుకొని వెంట తీసుకపోతది. ఆ నీళ్లను పైకి గుంజిన కరెంటు మళ్లీ రాదు. మన నేల కింద ఉన్నది పెద్ద చెరువు కాదు, రాయి. రాతి పగుళ్లలో దాగిన నీళ్లు. ఈ రోజు ఇంకినవి ఎప్పుడు ఏ పగులు చేరతయో, ఎవరి బోరులో తేలతయో మన చేతిలో లేదు. ఏప్రిల్‌లో పంట గింజ కట్టే టైముకు మన బోరు వట్టిపోతే, జనవరిలో పారబోసిన నీళ్లు యాది చేసుకొని ఏం లాభం?

బోరు వట్టిపోవుడు అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర లేదు. ఒకటి పడకపోతే రెండోది, రెండోది పడకపోతే మూడోది. రిగ్గు బండి ఊర్లోకి వచ్చిన ప్రతిసారీ ఒక ఇంటి మీద అప్పు ఎక్కుతది. ఆ అప్పుకే ఎన్ని ఇండ్లు కూలినయో చూసినం, రాసినం. అందుకే తడి లెక్క మాకు సైన్సు పాఠం మాత్రమే కాదు. రెండో బోరు వేయాల్నా వద్దా అనే లెక్క అది.

కరెంటు వచ్చింది, అలవాటు పోలేదు

కరెంటు కథ మీకు తెలిసిందే. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. కానీ ఏడు గంటలు, అదీ ముక్కలు ముక్కలుగా, అర్ధరాత్రి అపరాత్రి. ఎప్పుడు వస్తదో తెలియదు. అందుకని రైతు ఆటో స్టార్టర్ పెట్టుకున్నడు. కరెంటు వస్తే మోటరు దానంతట అదే నడుస్తది. రాత్రి పొలం కాడికి పోయి పాము కాటుకు, కరెంటు షాకుకు బలైన రైతుల వార్తలు ఎన్ని రాసినమో లెక్క లేదు. ఆ రోజుల్లో ఆటో స్టార్టర్ పెట్టుకున్న రైతును తప్పు పట్టేటోళ్లకు పొలం తెలియదు.

2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అప్పుడు ఏమైంది? ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వమే ప్రచారం చేయాల్సి వచ్చింది. 24 గంటలిస్తే బోర్లు ఎండుతయి, మాకు వద్దని కొన్ని ఊర్ల రైతులే అన్నరు. ఆలోచించండి. కరెంటు కోసం సబ్‌స్టేషన్ల ముందు కూర్చున్న రైతు, కరెంటు ఎక్కువైందని భయపడ్డడు. అది అమాయకత్వం కాదు, అనుభవం. కరెంటు కొరత ఉన్నప్పుడు మోటరు ఎప్పుడు ఆపాలో కరెంటోళ్లే చెప్పేటోళ్లు. కొరత పోయినాక ఎప్పుడు ఆపాలో చెప్పేది ఎవరు? మట్టి చెప్పాలి. మట్టి మాట వినే ఏర్పాటు మనం చేసుకోలేదు.

కాలువ కింది రైతులకు కూడా ఇది వర్తిస్తది. గోదావరి నీళ్లను మెట్టు మెట్టుగా వందల మీటర్లు ఎత్తి తెచ్చుకున్నం. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగిన తర్వాత జరుగుతున్న వాదులాటలు మీకు తెలుసు, అది వేరే సభ. ఏ వాదన ఎటు తేలినా, ఎత్తి తెచ్చిన నీళ్లు పిరం నీళ్లు. పిరం సొమ్మును కొలవకుండా ఖర్చు పెట్టే ఇల్లు నిలబడదు.

ఆకు అబద్ధం చెప్తది

'మొక్కను చూస్తే తెలియదా, యాభై ఏండ్ల నుంచి ఎవుసం చేస్తున్నం' అంటరు. ఆ అనుభవానికి దండం పెడుతున్నాం. విత్తనం వేసేటప్పుడు అదును, పదును అని మన పెద్దలు ఊరికే అనలేదు. పదును అంటే మట్టిలో తడి లెక్కే. నాగలి పట్టే ముందు గుప్పెడు మట్టి పిడికిట్ల పిసికి చూసేటోళ్లు. ఆ విద్య విత్తనం కాడ బతికింది, తడి కాడ పోయింది. బాయి కింద మోట కొట్టిన రోజుల్లో ప్రతి బొక్కెన నీళ్లకు ఎద్దు చెమట, మనిషి చెమట లెక్క ఉండేది. బటన్ వచ్చినాక ఆ లెక్క పోయింది.

ఆకు రెండు తీర్ల మోసం చేస్తది. మొదటిది, మిట్టమధ్యాహ్నం ఎండకు పత్తి ఆకు తలవంచుతది, మక్క ఆకు చుట్టుకుంటది. మట్టిలో తడి ఉన్నా సరే, ఎండ గుంజే వేగానికి వేరు అందియ్యలేకపోతే అట్లయితది. సాయంత్రానికి లేచి నిలబడుతది. తెల్లారి చూసినా చుట్టుకొనే ఉంటే అది నిజమైన దాహం. రెండోది ఇంకా పెద్ద మోసం. నీళ్లు ఎక్కువైతే మట్టిలో గాలి పోతది, వేరుకు ఊపిరాడదు, నత్రజని కిందికి జారుతది. ఆకు పచ్చబడి పాలిపోతది. అది చూసి చేనుకు బలం లేదని ఇంకో బస్తా యూరియా చల్లుతరు, దాని మీద ఇంకో తడి పెడుతరు. రోగమూ నీళ్లే, మందూ నీళ్లే!

ఇక ఆకు నిజం చెప్పేసరికి ఆలస్యం అయితది. పల్లికాయకు ఊడలు దిగే దశలో, మక్కకు పూత, పీచు దశలో, వరికి పూత దశలో బెట్ట తగిలితే ఆ నష్టం తర్వాత ఎన్ని తడులు పెట్టినా పూడదు. తడి లెక్క అంటే నీళ్లు తగ్గించుడు ఒక్కటే కాదు మిత్రులారా. కావలసిన రోజు ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఇచ్చుడు కూడా.

పిడికిలి నుంచి పరికరం దాకా

మరి కొలిచేది ఎట్లా? పైసా ఖర్చు లేని పద్ధతితో మొదలు పెడదాం. గడ్డపారతో జానెడు లోతు తవ్వి, పైమట్టి కాదు, లోపలి మట్టి గుప్పెడు తీయండి. పిసకండి. చెల్క మట్టి ముద్ద కట్టి, విసిరి పట్టినా చెదరకుంటే తడి చాలు. ముద్ద కట్టినట్టే కట్టి వేలితో తాకంగనే రాలితే తడి సగానికి వచ్చింది, మోటరు సంగతి చూడాలి. ముద్దే కట్టకపోతే ఆలస్యం చేసినం. రేగడి మట్టిని బొటనవేలుతో నొక్కి పట్టీలా సాగదీయొచ్చు. బాగా సాగితే తడి ఉంది, తెగుతూ పోతే తగ్గింది. పదిసార్లు చేస్తే చేయి నేర్చుకుంటది.

రెండోది టెన్షియోమీటర్. పేరు పెద్దది, సామాను చిన్నది. నీళ్లు నింపిన ఒక గొట్టం, అడుగున సన్నని రంధ్రాలున్న పింగాణీ మొన, పైన ఒక మీటరు. మట్టి ఎండినకొద్దీ మొనలోంచి నీళ్లను గుంజుతది, పైన ముల్లు కదులుతది. అంటే వేరు ఎంత కష్టపడి తాగుతున్నదో ఆ కష్టాన్నే ఇది కొలుస్తది. కొలమానం పేరు కిలోపాస్కల్. సున్నా నుంచి 10 లోపు ఉంటే మట్టి నీళ్లతో నిండి ఉంది, మోటరు బంద్. 10 నుంచి 30 దాకా చాలా నేలల్లో తడి సరిపోను ఉన్నట్టు. 30 దాటినాక చాలా పంటలకు తడి పెట్టే సమయం దగ్గరపడుతది. ఇసుక నేలల్లో ఇంకా ముందే పెట్టాలి, బరువు నేలల్లో ఇంకొంత ఆగొచ్చు. 80 దాటితే ఈ పరికరం పనిచేయదు, గాలి చొరబడుతది. నెర్రెలు వారే రేగడిలో మొనకు, మట్టికి మధ్య సందు పడితే కూడా తప్పు చెప్తది. అది తెలుసుకొని వాడాలి.

పెట్టే తీరు ముఖ్యం. మొనను ఒక రాత్రి నీళ్లల్లో నానబెట్టాలి. కాచి చల్లార్చిన నీళ్లు గొట్టంలో నింపాలి. గుంత తీసి, పలుచని బురద పోసి, మొన మట్టికి అంటుకునేటట్టు దింపాలి. గెట్టు పక్కన కాదు, చేను నడుమ పెట్టాలి. రెండు పెడితే మేలు. ఒకటి జానెడు లోతున, ఇంకొకటి మూరెడు లోతున. రోజూ పొద్దున్నే ఒక్క టైముకు చూడాలి. జానెడు కాడ ఎండి, మూరెడు కాడ తడి ఉంటే చిన్న తడి చాలు. తడి పెట్టిన ప్రతిసారీ మూరెడు కాడి ముల్లు సున్నాకు పడిపోతుంటే నీళ్లు వేరు దాటి పోతున్నట్టే లెక్క. డ్రిప్ రైతులకు ఈ రెండో ముల్లు మరీ అవసరం. డ్రిప్ ఉంది గదా అని గంటల తరబడి వదిలితే అదీ పారబోసుడే.

మూడోది రంగుల లైట్ల పరికరం. కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ దీన్ని తయారు చేసింది. మట్టిలో గుచ్చితే లైటు వెలుగుతది. నీలం వస్తే తడి దండిగా ఉంది. ఆకుపచ్చ వస్తే సరిపోను ఉంది. నారింజ వస్తే తడి పెట్టుకోవచ్చు. ఎరుపు వస్తే వెంటనే పెట్టాలి. చదువు రానోళ్లు కూడా చూసి చెప్పొచ్చు. వీటికి మించినవి, ఫోనుకు మెసేజ్ పంపే సెన్సర్లు కూడా ఉన్నయి. పిరం సామాను. ఉప్పు, చౌడు నేలల్లో కొన్ని తప్పు చూపిస్తయి. మన మట్టికి సరిచేసి వాడకపోతే అవి అలంకారానికే.

ఆకాశం నుంచి కూడా తడిని చూస్తున్నరు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఉపగ్రహం చేసే పనుల్లో ఇదొకటి. మంచిదే. కానీ ఇట్లాంటి ఉపగ్రహాలు చూసేది నేల పైపొరనే, కొన్ని సెంటీమీటర్లు. జిల్లాకు కరువు వస్తదా అని చెప్పటానికి పనికొస్తది. మన మడిలో ఇవాళ మోటరు వేయాల్నా అనేది మూరెడు లోతున గడ్డపారే చెప్పాలి.

వరికి ఒక గొట్టం ముక్క

మన యాసంగి అంటే ఎక్కువ వరే కాబట్టి వరి మాట ప్రత్యేకంగా చెప్పాలి. వరి నీళ్లల్ల బతుకుతది గని, నీళ్లు ఎప్పుడూ నిలబడే ఉండాలని లేదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఒక సులువైన ఉపాయం చెప్పింది. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం ముక్క తీసుకొని, కింది సగానికి చుట్టూ రంధ్రాలు పెట్టి, ఆ సగం మట్టిలో దిగేటట్టు మడిలో పాతాలి. లోపలి మట్టి తీసేయాలి. ఇప్పుడు మట్టి కింద నీళ్లు ఎక్కడున్నయో గొట్టంలో కంటికి కనిపిస్తది. నాటు వేసిన ఒకటి రెండు వారాల తర్వాత, గడ్డి పోరు ఉంటే ఇంకో వారం ఆగి, మొదలు పెట్టొచ్చు. గొట్టంలో నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినాక, 5 సెంటీమీటర్ల నీళ్లు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం నీళ్లు నిలబెట్టాలి. పద్ధతిగా చేస్తే దిగుబడి తగ్గకుండా 30 శాతం దాకా నీళ్లు మిగులుతయని ఆ సంస్థ అంటున్నది.

పంజాబ్ ఇంకో దారి పట్టింది. అక్కడి భూగర్భజలం ఏటేటా పడిపోతుంటే, 2009లో చట్టం చేసి జూన్ 10 లోపు నాట్లు వేయొద్దన్నరు. తర్వాత ఆ తేదీలు మారినయి. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరి కోసమే అగ్గువ టెన్షియోమీటర్ తయారు చేసింది. అంకెలు చదివే పని లేకుండా గొట్టం మీద రంగు పట్టీలు పెట్టింది. నీళ్లు ఆకుపచ్చ పట్టీలో ఉన్నంతసేపు మోటరు అక్కెర లేదు. మన కంటే నీళ్లు ఎక్కువున్న పంజాబ్‌కే ఆ గతి వచ్చిందంటే, రాతి పగుళ్ల మీద బతికే మనం ఎప్పుడు మేల్కోవాలె?

పాలమూరు, నల్లగొండ రైతులే చేసి చూపించిన్రు

ఇది పంజాబోళ్ల, ఫిలిప్పీన్సోళ్ల పని, మనతో కాదు అనుకోవద్దు. 2000ల దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, మన మహబూబ్‌నగర్, నల్లగొండ కూడా అందులో ఉన్నయి, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే భూగర్భజలాన్ని కొలిచే ఒక పథకం నడిచింది. ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులు, అందులో ఆడోళ్లు కూడా, వానను కొలిచిన్రు, గుర్తు పెట్టిన బోర్లలో నీటి మట్టం కొలిచిన్రు, మోటరు పోత కొలిచిన్రు. ఆ అంకెలను ఊర్లో గోడ మీద రాసిన్రు. యాసంగికి ముందు అందరూ కూర్చొని, భూమిలో ఎంత ఉంది, మనం వేయదలుచుకున్న పంటలకు ఎంత కావాలి అని బడ్జెట్ వేసుకున్నరు.

ఎవరి మీదా జులుం లేదు. ఇది వేయొద్దు, అది వేయాలె అని ఆర్డర్ లేదు. లెక్క ముందు పెట్టిన్రు, ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకున్నరు. చాలా చోట్ల యాసంగి వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లిన్రు. ప్రపంచ బ్యాంకు కూడా ఆ అనుభవం గురించి రాసింది. 2002లో వచ్చిన వాల్టా చట్టం బోర్లను అడ్డుకోవాలని చూసింది. కాగితం మీది చట్టం కన్నా గోడ మీది అంకెకు బలం ఎక్కువని పాలమూరు, నల్లగొండ రైతులు చూపించిన్రు.

ఇక్కడే అసలు మాట చెప్పాలి. మీ ఒక్క చేనులో టెన్షియోమీటర్ పెట్టి మీరు నీళ్లు మిగిల్చితే, ఆ మిగిలిన నీళ్లు ఎవరివి? భూమి లోపల గెట్లు లేవు. మీరు మిగిల్చింది పక్క బోరు గుంజుకోవచ్చు. లేదంటే మీరే ఆ నీళ్లకు ఇంకో ఎకరం నాటు వేయొచ్చు. రెండు తీర్లా భూమిలో మిగిలేది సున్నా. అందుకే తడి లెక్క ఒక్క రైతు లెక్కగా ఉంటే పెట్టుబడి మిగులుతది, ఊరి లెక్క అయితేనే నీళ్లు మిగులుతయి. కలిసి కొట్లాడుడు మనకు ఎవరూ నేర్పనక్కర లేదు. కలిసి కొలుచుడు ఒక్కటి నేర్వాలె.

ఎవరి పని ఏంది

ప్రభుత్వాన్ని అడగాల్సింది అడుగుదాం. ఐదు వేల ఎకరాలకొక వ్యవసాయ విస్తరణ అధికారి అన్నరు. 2,601 క్లస్టర్లకు రైతు వేదికలు కట్టిన్రు. ప్రతి రైతు వేదిక కింద చెల్కలో ఒకటి, రేగడిలో ఒకటి, వరి మడిలో ఒకటి, మూడు చోట్ల తడి కొలిచే పరికరాలు పెట్టాలి. ఒక వాన గేజీ పెట్టాలి. వారానికి రెండుసార్లు ఆ అంకె వేదిక గోడ మీద రాయాలి. డ్రిప్ సబ్సిడీ ఇచ్చేటప్పుడు దాంతోపాటే టెన్షియోమీటర్ ఇవ్వాలి. మోటరు ఇచ్చి మీటరు ఇయ్యకపోవుడు సగం పనే. కరెంటు మీటరు అనుకొని భయపడకండి, మేము అడిగేది మట్టికి పెట్టే మీటరు. అది రైతు కోసం, రైతు చేతిలో ఉండాలి. ఆ అంకె చూపించి రేపు కరెంటో నీళ్లో కోత పెడుతం అంటే ఎవరూ ఒప్పుకోరు, మేమూ ఒప్పుకోం.

వ్యవసాయ విశ్వవిద్యాలయానికి మన జయశంకర్ సార్ పేరు పెట్టుకున్నం. హిమాయత్‌సాగర్‌లో వాలంతరి ఉంది, హైదరాబాద్‌లోనే క్రీడా ఉంది, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. ఇంతమంది పండితులు ఒక్క నగరం చుట్టూ ఉన్న రాష్ట్రం మరొకటి ఉండదేమో. మన ఊరి చెల్కకు, మన ఊరి రేగడికి ఏ అంకె కాడ తడి పెట్టాల్నో తెలుగులో, ఒక్క పేజీలో రాసి ఇవ్వండని అడుగుదాం.

విద్యార్థి మిత్రులారా, ఉద్యమంలో ఊరూరికి పోయి టీఎంసీల పాఠం చెప్పింది మీ అన్నలు, అక్కలు. ఇప్పుడు మీ వంతు. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నాన్నకు నీతులు చెప్పకుండా, గడ్డపార పట్టి జానెడు మట్టి తీసి ఇద్దరూ కలిసి పిసికి చూడండి. నోటుబుక్కులో తారీకు వేసి రాయండి. ఉద్యోగ మిత్రులు తలా ఒక వెయ్యి వేసుకొని తమ ఊర్లో ఒక పరికరం పెట్టించొచ్చు. సకల జనుల సమ్మెలో జీతాలు వదులుకున్నోళ్లకు ఇది బరువు కాదు. పూడిక తీసిన చెరువు మట్టి చెల్కలో తోలితే చిన్న కుండ కొంత పెద్దదయితది, అది కూడా మర్చిపోవద్దు.

చివరికి ఒక్క లెక్క చెప్పి ముగిస్తాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,830 కోట్ల లీటర్లు. ఎకరానికి 5 సెంటీమీటర్ల ఒక్క తడి అంటే 2 లక్షల లీటర్లు. మన రాష్ట్రంలో 20 లక్షలకు పైగా వ్యవసాయ మోటర్లున్నయి. పది లక్షల ఎకరాల్లో, సీజన్ మొత్తంలో అక్కెర లేని ఒక్కటంటే ఒక్క తడి తగ్గితే, పైకి గుంజకుండా ఆగే నీళ్లు ఏడు టీఎంసీలు. ఒక మంచి రిజర్వాయర్ అంత! దీనికి భూసేకరణ అక్కెర లేదు, మునిగే ఊరు లేదు, టెండర్ లేదు, కాంట్రాక్టర్ లేడు. ట్రిబ్యునల్ ముందు వాదించే పని కూడా లేదు. అది మన పొలంలో, మన చేతిలో ఉన్న వాటా.

రేపు పొద్దున మోటరు కాడికి పోయేటప్పుడు, స్టార్టర్ మీద చెయ్యి పెట్టే ముందు ఒక్కసారి మట్టిలో చెయ్యి పెట్టండి. నీళ్లు కావాల్నా వద్దా, అది చెప్తది.